పల్చటి కంప్యూటర్, రేపల్లె ప్యాసింజర్

తొంభైల చివర్లో తెనాలి స్టేషనుకు ఎదురు సందులో నాకొక కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఎనభైలలో అదే గదిలో మా నాన్న రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసేవాడు. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్నాను. ఆ రేడియోలకు వెనక అట్ట విప్పితే చెయ్యి మొత్తం లోపలికి పట్టేది. ఏది కాలిందో ముక్కుకే తెలిసేది. కాలినదాన్ని పీకి ఇంకోటి వేస్తే మళ్లీ పాడేది. చెడిపోయిన వస్తువు ఏదైనా బాగవుతుందన్న నమ్మకంతోనే నేను పెద్దవాణ్ణయ్యాను.

ఆవిడ మొదటిసారి షాపులోకి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర కాసేపు ఆగింది. నలభై ఏళ్లుంటాయి. ఎడమ కాలికి పోలియో, మోకాలి పైదాకా ఇనప పట్టీలు. చంకలో కర్ర, రెండో భుజాన గుడ్డసంచి. గుమ్మం ఎత్తు చూసుకుని, ముందు కర్ర లోపల పెట్టి, తర్వాత తను వచ్చింది. చెయ్యందించబోయాను. వద్దన్నట్టు తల ఊపింది.

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టినదాన్ని చూసి పిల్లల పలక అనుకున్నాను. మూత తెరిస్తే కంప్యూటర్. అంత పల్చటిది నేను అప్పటిదాకా చూడలేదు. వెండి రంగు, చల్లటి లోహం, ఒక చేత్తో ఎత్తితే ఏమీ ఎత్తినట్టే లేదు.

"మా తమ్ముడు ఓడలో ఇంజనీరండి. సింగపూర్లో కొనుక్కొచ్చాడు. పని బాగానే చేస్తుంది గానీ ఫ్లాపీ ఒక్కోసారి పట్టుకోవడం లేదు" అంది.

"ఫ్లాపీ ఎక్కడ పెడతారు మేడమ్ దీంట్లో?"

ఆవిడ నవ్వి, సంచిలోంచి ఇంకో పెట్టె తీసింది. రాసినదాన్ని బయటికి తీసుకెళ్లే ఫ్లాపీని దూర్చే భాగం అది. లోపల పెడితే కంప్యూటర్ లావైపోతుందని దాన్ని బయట పెట్టేసి, ఒక తీగ ఇచ్చారు. ఆ తీగ కొస గోరంత మందం. దానిలో పిన్నులు వెంట్రుకల్లా ఉన్నాయి. ఒకటి రెండు పక్కకు వంగాయి. భూతద్దం పెట్టుకుని, మా ఆవిడ కుట్టుసూదితో వాటిని నిలబెట్టాను. కరెంటు ఇచ్చే నల్ల పెట్టె ఇంకోటి, ఇటుకలా బరువు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడిగితే, రేపల్లెలో మొదలుపెడితే తెనాలి చేరేలోపే ఆగిపోతుందంది. బరువు ఎటూ పోలేదు, కంప్యూటర్లోంచి సంచిలోకి వచ్చిందనిపించింది.

నా దగ్గర ఒక పాత లాప్‌టాప్ ఉండేది. లావుగా, నల్లగా, చిన్న సూట్‌కేసులా ఉంటుంది. ఫ్లాపీ, సీడీ, అన్ని తీగలకూ కన్నాలు అందులోనే. దాన్ని చూపించి, "ఇలాంటిది తీసుకోవాల్సింది కదండీ" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. తన ప్రయాణం చెప్పింది. రేపల్లెలో జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. బాపట్లలో పీహెచ్‌డీ పరిశోధన చేస్తోంది. ఉప్పునీరు ఎక్కే చేలల్లో ఏ వరి విత్తనం మొలుస్తుంది, ఏది మొలవదు అని గాజు పళ్లాల్లో మొలకలు పెట్టి చూడటం ఆవిడ పని. రేపల్లె నుంచి బాపట్లకు బస్సుంది, కానీ బస్సు మొదటి మెట్టు ఆవిడకు ఎత్తు. ఎక్కినా సీటు దొరకదు. అందుకే ప్యాసింజర్లో తెనాలి వచ్చి, వంతెన దాటి, మెయిన్ లైన్లో బండి మారి బాపట్ల వెళుతుంది. అక్కడ ఫ్లాపీలోంచి ప్రింటు తీయించుకునే కంప్యూటర్ల గది రెండో అంతస్తులో ఉంది.

"నాకు ఉన్నది ఒక చెయ్యే కదా తమ్ముడూ. రెండోది కర్రదే. భుజాన బరువుంటే మోయగలను. కానీ మెట్ల మీద సంచి ఊగుతుంది. అది ఊగిందంటే నేనూ ఊగుతాను."

అప్పటి నుంచి ఆవిడ నాకు అక్క అయింది. బాపట్ల వెళ్లే రోజుల్లో బండికి టైముంటే షాపులో కూర్చునేది. టీ తాగుతూ రాసింది చదివి వినిపించేది. నాకు సగం అర్థమయ్యేది కాదు. ఆ యంత్రం వచ్చాకే తన థీసిస్ పుస్తకం కదిలిందని చెప్పింది. అంతకుముందు ఏళ్ల తరబడి అంకెలు పోగుపడ్డాయి తప్ప, కూర్చుని రాయడం కుదరలేదు. ఇప్పుడు ప్యాసింజర్లో కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకుని రాస్తోంది. వేమూరు, భట్టిప్రోలు వెళ్లిపోయిన సంగతే తెలియడం లేదంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉండేది.

కొన్ని వారాలకు, మొదటి కొన్ని పేజీలు తప్ప ఇంకేవీ ఫ్లాపీలోకి ఎక్కకముందే, ఆ తీగ కొసన పిన్నులు విరిగిపోయాయి. నేను టంకం పెట్టబోతే పక్క ప్లాస్టిక్ కరిగింది. మద్రాసుకు ఫోన్ చేశాను, హైదరాబాదుకు చేశాను. ఆ మోడల్ ఈ దేశంలో అమ్మడం లేదన్నారు. ఓడలో ఉన్న తమ్ముడు వేసవిలోగానీ రాడు. ఇంకో దారి ఏదైనా ఉందేమోనని యంత్రాన్ని తిప్పి తిప్పి చూశాను. నా లావు లాప్‌టాప్‌కు వెనక ప్రింటర్ తీగ పెట్టే చోటుంది, ఇంకో కంప్యూటర్‌తో కలిపే చోటుంది. దీని అంచు అంత మందమే లేదు. ఆ కన్నాలన్నీ ఉన్న పట్టీ ఒకటి విడిగా అమ్ముతారట. తమ్ముడు అది కొనలేదు. ఫోను తీగకు కన్నం ఉంది గానీ, అవతల అందుకోవడానికి మోడెమ్ ఉన్న కంప్యూటర్ నాకు తెనాలిలో దొరకలేదు.

"అక్కా, లోపల రాసింది బయటికి తీసే దారి లేదు. ఇక దీంట్లో రాయకు" అన్నాను.

"రాయకపోతే ఎట్టా? గడువు దగ్గర పడుతోంది. మా గైడు సార్ కూడా రిటైరైపోతున్నారు. ఆయన వెళ్లాక నన్నెవరు పట్టించుకుంటారు?"

నా లావు లాప్‌టాప్ తీసుకెళ్లమన్నాను. సరేనంది. ఆ రోజు స్టేషను దాకా నేనూ వెళ్లాను.

సంచి ఆవిడే భుజాన వేసుకుంది. వంతెన మెట్లు మొదలుపెట్టింది. కర్ర, కాలు, కాలు. కర్ర, కాలు, కాలు. కొన్ని మెట్లు బాగానే ఎక్కింది. పై నుంచి దిగేవాళ్లు పక్కగా రాసుకుంటూ పోతున్నారు. ఎవరి మోచెయ్యో సంచికి తగిలింది. అది ముందుకు ఊగి, వెనక్కి వచ్చి నడుముకు కొట్టింది. ఆవిడ కర్ర జారింది. నేను వెనక ఉన్నాను కాబట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆవిడ మెట్టు మీద కూలబడింది. జనం మమ్మల్ని చూసుకుంటూ చుట్టూ తిరిగి ఎక్కుతున్నారు.

"నేను తెచ్చిస్తానక్కా అవతలికి."

"ఇయ్యాళ తెస్తావు. రేపు? బాపట్లలో ఎవరు దించుతారు?" అని ఆగి, ఊపిరి తీసుకుని, "కూలీని పెట్టుకోవచ్చు, తెలుసు. నా సంచి నేను మోసుకోవడానికే తమ్ముడూ ఇన్నేళ్లు పట్టింది" అంది.

బాపట్ల బండి కూత వేసింది. మేం ఆ మెట్ల మీదే ఉన్నాం. బండి వెళ్లిపోయాక సంచి నాకిచ్చేసింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు లేవు. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

మళ్లీ పల్చటిదాంట్లోనే రాసుకుంది. బయటికి తీసే దారి లేదని తెలిసే రాసింది. తేలికైనది రాసినదాన్ని బయటికి ఇవ్వలేదు. ఇవ్వగలిగినదాన్ని ఆవిడ మోయలేదు. ఇంట్లో ఉన్నప్పుడు తెర మీద చూసి కాగితం మీదకు ఎక్కించుకోమన్నాను. కొన్ని పట్టికలు ఎక్కించింది. కాలేజీలో పరీక్షల డ్యూటీలు పడ్డాక అదీ ఆగింది.

ఒక సాయంత్రం రేపల్లె ప్యాసింజర్ పెళ్లిళ్ల జనంతో కిటకిటలాడింది. ఆవిడ సంచిని పక్కన సీటు మీద, తన ఒంటికి ఆనించి పెట్టుకుంది. పెనుమర్రు దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన నెత్తి మీది మినుముల మూటను ఆ సంచి మీదే దించాడు. ఆవిడ అరిచేలోపే దించేశాడు.

"బట్టల సంచి అనుకున్నానమ్మా. తప్పయిపోయింది" అన్నాడట. దిగేదాకా ఆయనే సంచిని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడట. రేపల్లెలో ఆటో దాకా తెచ్చిచ్చాడట.

మర్నాడు నా బల్ల మీద దాన్ని చూశాను. మూత మధ్యలో సొట్ట. తెర లోపల సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. మీట నొక్కితే ఏ చప్పుడూ లేదు. అడుగు విప్పాను. లోపల చోటన్నదే లేదు. భాగాలన్నీ ఒకదాని మీద ఒకటి అతికించినట్టున్నాయి. సర్క్యూట్లుండే పచ్చటి పలక అడ్డంగా చిట్లింది. అన్నీ దానికే టంకంతో అతికించి ఉన్నాయి, విడిగా పీకి మార్చేది ఒక్కటీ లేదు. మా నాన్న బతికుంటే దీన్ని చూసి ఏమనేవాడో.

రాసిందంతా ఉండే డిస్కు మాత్రం ఊడివచ్చింది. బిస్కెట్టంత పల్చగా ఉంది. దాని పళ్లు నా దగ్గరున్న ఏ తీగకూ సరిపోలేదు.

"దాంట్లో ఉందా తమ్ముడూ?" అని అడిగింది.

"ఉండే ఉంటుందక్కా."

"ఉందా, ఉండే ఉంటుందా?"

హైదరాబాదు తీసుకెళ్లాను. కౌంటర్ అవతలి కుర్రాడు డిస్కును వెలుతురుకు పట్టి చూసి, దీనికి తీగ మా దగ్గర లేదు సార్, బయటి నుంచి తెప్పించాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నాడు. తిరిగి వచ్చి ఆ సంగతి చెప్పాను. ఆవిడ నన్ను ఓదార్చింది. ప్రయాణంలో అన్నం తిన్నావా లేదా అని అడిగింది.

బాపట్ల వెళ్లి సార్‌ను కలిసింది. ఆయన మంచివాడు. గడువు పొడిగించమని పైకి రాశాడు. పొడిగించారు కూడా. కానీ ఆయన రిటైరయ్యే రోజు పొడిగించలేరు కదా. ఆవిడ చేత్తో మళ్లీ మొదలుపెట్టింది. అంకెలు ప్రయోగాల నోటుపుస్తకాల్లో ఉన్నాయి. కానీ ఆ అంకెల గురించి తను రైల్లో ఆలోచించి రాసుకున్నది తిరిగి రాలేదు.

"అదే మాట రాస్తాను. రాసి చూస్తే అది కాదనిపిస్తుంది" అనేది.

సార్ వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన ఇదంతా తన విషయం కాదన్నాడు. ఒక ఏడాది తర్వాత ఆవిడ బాపట్ల వెళ్లడం మానేసింది. తెనాలిలో బండి మారే పని లేదు కాబట్టి నా షాపుకూ రావడం మానేసింది.

ఇంకొన్నాళ్లకు మద్రాసు నుంచి సామాను తెచ్చే ఏజెంటు ఒకడు డబ్బా నిండా రకరకాల తీగలు తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. వాటిలో ఒకదాని కొస చూడగానే గబగబా సొరుగు లాగాను. డిస్కు సొరుగులోనే ఉంది. తగిలించాను. సన్నగా తిరిగిన చప్పుడు వినిపించింది. అన్నీ వచ్చాయి. ఒక్క పేజీ కూడా పోలేదు.

ప్రింటు తీసి ఆదివారం రేపల్లె వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు అక్కా, వాళ్లమ్మగారూ. అక్క వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. కట్ట ఒళ్లో పెట్టాను. ఏంటిదని అడగలేదు. మొదటి పేజీ చూడగానే తెలిసిపోయింది.

చాలాసేపు చదివింది. ఒక చోట తప్పుంటే పెన్సిల్ అడిగి దిద్దింది. ఇంకో పేజీలోనూ దిద్దింది. తర్వాత పెన్సిల్ పక్కన పెట్టేసింది.

"బాగానే రాశాను కదా తమ్ముడూ."

"చాలా బాగుందక్కా" అన్నాను, సగం అర్థం కాకపోయినా.

"సార్‌కి పంపుదామంటే ఆయన ఎక్కడున్నారో తెలియదు. రిజిస్ట్రేషను పోయింది. ఇప్పుడిక ఎవరూ తీసుకోరు." కాగితాల అంచులు సరిచేస్తూ నా వైపు చూసింది. "దీన్నేం చెయ్యమంటావు చెప్పు?"

వచ్చేటప్పుడు రైల్లో కూర్చుని, ఈ కట్ట చూసి ఎంత సంతోషిస్తుందో అని మాత్రమే అనుకున్నాను. దీని తర్వాత ఏంటన్నది నా బుర్రకు తట్టనే లేదు.

లోపలి నుంచి వాళ్లమ్మగారు, "ఏమయ్యా, రొయ్యల కూర తింటావా? లేచి చేతులు కడుక్కోండి ఇద్దరూ" అని పిలిచింది. అక్క కట్టను కుర్చీలో వదిలి, కర్ర అందుకుని లేచింది. నేను వెనకే వెళ్లాను. భోజనాల దగ్గర వాళ్ల తమ్ముడి ఓడ గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం.