బానెట్ మీద చెయ్యి

మా బావకి మనుషులను పలకరించడం చేతకాదు గానీ పాత జీపులను పలకరించడం బాగా తెలుసు. ఎవరైనా పాత బండి కొనాలనుకుంటే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. అమ్మేవాడు నవ్వుతూ ఎదురొచ్చినా, కుర్చీ వేసినా పట్టించుకోకుండా నేరుగా బండి దగ్గరికి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు. చల్లగా ఉంటేనే మిగతా మాటలు. వెచ్చగా తగిలిందంటే వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తేనే బండి రోగాలన్నీ బయటపడతాయట. మనం వెళ్లేలోపే ఎవరో దాన్ని వేడిచేసి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టే లెక్కట.

"అక్కని చేసుకునే ముందు కూడా ఇలాగే నుదుటి మీద చెయ్యి పెట్టి చూశావా బావా?" అని అడిగాను ఒకసారి. ఆయన కాసేపు ఆలోచించి, "లేదే" అన్నాడు. అదీ ఆయన వరస. హాస్యం చెవి దాకా వెళ్లేది గానీ లోపలికి దిగేది కాదు.

ఆయన చేసేది నీళ్ల పంపుల స్టేషన్లో రాత్రి డ్యూటీ. పగలు నాలుగు గంటలు పడుకుని, మిగతా పొద్దంతా జీపు కింద పడుండేవాడు. ఆ జీపు మొదటిసారి మా అక్క గుమ్మం ముందు దిగిన రోజు నేనక్కడే ఉన్నాను. లారీ మీంచి దించారు. చక్రాలు లేవు. డ్రైవర్ సీటున్న చోట కోడి గుడ్లు పెట్టిన గడ్డి ఉంది. అక్క చంకలో పాప, నెలల పిల్ల.

"ఇనప సామాను వ్యాపారం పెడుతున్నావా?" అంది అక్క.

"జీపు" అన్నాడు బావ.

"ఏదీ?"

గేర్ బాక్సు కోసం ఇంకో చచ్చిన జీపు కొన్నాడు. తలుపుల కోసం, రేకుల కోసం మూడోది కొన్నాడు. ఆ మూడూ కలిసి ఒక బండిగా లేచే సరికి పాపకి పళ్లు వచ్చాయి. పక్కవాళ్లు ఇంటికి వెళ్లాలంటే మా అక్కనడిగి ఇంజన్ల మధ్యలోంచి దారి చేసుకోవాల్సి వచ్చేది. అక్క మొగుణ్ని తిట్టేది, అరిచేది, మళ్లీ ఆయన చేతుల గ్రీజు వదలడానికి కిరసనాయిలు గుడ్డ తనే తెచ్చిచ్చేది.

పాపకి నిద్ర పట్టేది కాదు. గుక్కపట్టి ఏడ్చేది. జీపు మొదటిసారి స్టార్ట్ అయిన సాయంత్రం వీధిలో కిటికీలన్నీ మూసుకున్నాయి, పాప మాత్రం అక్క భుజం మీద ఠక్కున నిద్రపోయింది. ఇంక అదే జోలపాట. అక్క పాపని పట్టుకుని వెనక సీట్లో కూర్చునేది, బావ ముందు సీట్లో. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆ ఇంజన్ కాసేపటికి ఆగిపోతుంది, అందుకని కాలు అలా ఆనించి కదలకుండా ఉండేవాడు. నేను వెళితే పెదవుల మీద వేలు పెట్టి ఉష్ అనేవాడు. ఆ రొదలో నా గొంతు ఎవరికి వినిపిస్తుందో ఆయనకే తెలియాలి.

తర్వాత ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. సెలవు దొరికితే చాలు, దుప్పట్లు కట్టుకుని కొండలకీ సముద్రానికీ బయలుదేరేవారు. నేనూ రెండు మూడుసార్లు వెళ్లి ఒళ్లు హూనం చేసుకున్నాను. హ్యాండ్ బ్రేక్ ఎన్ని రిపేర్లు చేసినా నిలిచేది కాదు. అందుకని సీటు కింద ఒక రాయి ఉండేది. బండి ఆగగానే అక్క దూకి, వెనక చక్రానికి ఆ రాయి అడ్డం పెట్టేది. చదునుగా ఉన్న వైపు టైరుకి ఆనించి, మడమతో రెండు తన్నులు తన్నేది. బావ పెడితే రాయి వంకరగా ఉండేది, బండి జారేది. అందుకని ఆ ఉద్యోగం అక్కకే ఖాయమైపోయింది. పాప మాత్రం పెద్దదయ్యాక కూడా బండి కదిలితే చాలు వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని పడుకునేది. ఎన్ని కొండలకి తీసుకెళ్లారో, ఆ పిల్ల ఒక్క కొండా సరిగ్గా చూడలేదు.

పోయిన వర్షాకాలంలో పాప పోయింది. కాలేజీలో ఉండగా జ్వరం వచ్చింది, కామెర్లన్నారు, ఆసుపత్రిలో చేర్చాం, అంతలోనే అయిపోయింది. ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదు.

వాళ్లిద్దరూ ఏడవలేదు. ఏడిస్తే నేనూ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. అక్క దుప్పట్లు ఉతికి మడతపెట్టేది, మడత విప్పి మళ్లీ పెట్టేది. ఏమడిగినా "సరే" అనేది. కూర వండనా అక్కా, సరే. వద్దా, సరే. నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి. డాక్టరిచ్చిన మాత్రలు సొరుగులో అలాగే ఉన్నాయి. బావ డ్యూటీకి వెళ్లేవాడు, వచ్చేవాడు, గోడ చూస్తూ కూర్చునేవాడు. ఒకరినొకరు ఏమీ అనరు. ఒకరికొకరు అడ్డం కూడా రారు. ఆ ఇంట్లోకి అడుగుపెడితే నాకూ ఒళ్లు మొద్దుబారేది. ఒక్కోసారి ఒళ్లుమండి ఇద్దర్నీ చెడామడా తిట్టాను. అక్క దానికీ సరే అంది.

జీపు ఇంటి పక్కన షెడ్డులోనే ఉంది. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకు, గోడల్లేవు. బావ దాన్ని ముట్టుకోవడం మానేశాడు. ఒకరోజు నన్ను వీధి చివర ఆపి, "మీ అక్క కిటికీలోంచి దాన్నే చూస్తూ ఉంటోంది. కళ్లెదురుగా ఉంటే ఇంకా బాధ. అమ్మేస్తా" అన్నాడు.

"అక్కనడిగావా?"

"సరే అంది."

"ఆవిడ దేనికి కాదంది ఈ మధ్య?"

ఆయన తల వంచుకుని ఇంటి వైపు నడిచాడు. అమ్మే ముందు బ్యాటరీ ఒకసారి చూసుకున్నాడు. నెలల తరబడి కదలని బండికి బ్యాటరీ చచ్చిపోయి ఉండాలి. చావలేదు. "మంచి సరుకు" అని మెచ్చుకున్నాడు. పెట్రోలు ముల్లు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది కాబట్టి దాన్ని చూడలేదు. అందరి బండ్లకీ రోగం కనిపెట్టే మనిషి తన బండి ఏం చెబుతోందో వినలేదు.

కొనడానికి ఒప్పుకున్నది మందుల షాపాయన. ఆయనకున్న రెండు పాత జీపులూ బావ ఎంచి పెట్టినవే. "పాప పోయాక నేను దాన్ని స్టార్ట్ చేయలేదు. పొద్దున్నే వచ్చి చెయ్యి పెట్టి చూసుకోండి" అని బావ ఫోన్లో చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కాస్త పాత బింకం వినిపించింది.

ఆ పొద్దున అక్క దగ్గర ఉందామని నేనూ వెళ్లాను. బావ డ్యూటీ చొక్కాతోనే వచ్చి సైకిల్ గోడకి ఆనించాడు. వెనకే మందుల షాపాయన దిగాడు. మమ్మల్ని పలకరించలేదు, గురువు నేర్పినట్టే నేరుగా వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"మాస్టారూ, ఒకసారి మీరే చూడండి."

బావ చెయ్యి పెట్టాడు.

"నేను ముట్టుకోలేదండీ."

"మీరు అబద్ధమాడరని నాకు తెలుసు మాస్టారూ. కానీ వేడిగా ఉంది కదా."

జీవితమంతా ఎదుటివాళ్లను దొంగలని తీసిపారేసిన మనిషి, తన గుమ్మంలోనే దొంగలా నిలబడ్డాడు. నాకు చూడబుద్ధి కాలేదు. బావ వంగి కిందికి చూశాడు. వెనక చక్రానికి రాయి ఉంది. చదునైన వైపు టైరుకి ఆని, బిగుతుగా తన్ని ఉంది, పక్కన మట్టిలో మడమ గుర్తు ఇంకా తాజాగా ఉంది. ఆయన లేచి వంటింటి గుమ్మం వైపు చూశాడు.

అక్క అక్కడే నిలబడి ఉంది, గుప్పిట్లో జీపు తాళం.

"నేనే" అంది.

"నీకు స్టార్ట్ చేయడం ఎప్పుడొచ్చింది?" అన్నాను నేను.

"ఇన్నేళ్లు పక్కన కూర్చున్నా కదే."

"రోజూనా?"

"ఆయన డ్యూటీ నుంచి వచ్చేలోపు. వెనక సీట్లో పడుకుంటా. ఇంజన్ నడుస్తుంటే నిద్ర పడుతోంది, మంచం మీద పట్టట్లేదు." ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత మందుల షాపాయన వైపు తిరిగి, "ఇవాళ ఆఖరు కదా అని కాసేపు ఎక్కువ పడుకున్నానండీ. బండికేమైనా అయిందా?" అని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. వీధిలో అందరికీ ఆ చప్పుడు వినబడుతూనే ఉందట. బావే అనుకున్నారట. ఆ ఇంటి మీద ఫిర్యాదు చేసే మనసు ఎవరికీ లేకపోయింది.

బావ చాలాసేపు బానెట్ మీంచి చెయ్యి తీయలేదు.

"చోక్ లాగుతున్నావా?" అన్నాడు చివరికి.

"సగం."

"ఈ చలికి మొత్తం లాగాలి. లేకపోతే ఆగిపోతుంది."

"ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా మెలకువ వచ్చేస్తోంది. లేచి మళ్లీ స్టార్ట్ చేసుకుంటున్నా."

"కాలు పెట్టి ఉంచాలి దానికి. ఒక్కదానివే ఎలా..." అన్నాడు.

పాప పోయాక వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు. నాకు దుఃఖం ఆగలేదు, గోడ వైపు తిరిగి ఏడ్చాను. వాళ్లు ఏడవలేదు. మందుల షాపాయన మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు, బావా పిలవలేదు.

ఆ తర్వాతి వారం బావ అడిగి పగటి డ్యూటీ వేయించుకున్నాడు. ఒక తెల్లవారుజామున పాలు ఇద్దామని వెళితే మలుపు దగ్గరే ఇంజన్ చప్పుడు వినిపించింది. వెనక సీట్లో అక్క మోకాళ్లు ముడుచుకుని నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముందు సీట్లో బావ యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి, ఎదుటి గోడ వైపు చూస్తున్నాడు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టాడు.

నేను పాలగిన్నె గుమ్మం పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.