నునుపు చేసిన అక్షరం

పట్టుచీర కొంగు మీద పెళ్లికూతురి పేరు నేయించుకోవడం ధర్మవరంలో ఎక్కువయ్యాక, ఆ పేర్లను కంప్యూటర్‌లో గీసే పని కమలాక్షికి దొరికింది. మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. ఎర్రిస్వామి డిజైన్ల అంగట్లో చేరేనాటికి ఆమెకు కంప్యూటర్ మీద చెయ్యి పెట్టడం కూడా రాదు. పక్క సీట్లో కూర్చునే కుళ్లాయప్ప అన్నీ నేర్పాడు.

"ఈ తెర మీద ఒక గడి అంటే ఆడ మగ్గం మీద ఒక పోగమ్మా. ఇది మర్సిపోతే చీర చెడతాది" అని మొదటిరోజే చెప్పాడు.

ఆ మాటను ఆమె అతనికంటే గట్టిగా పట్టుకుంది. అక్షరాలు కంటికి నున్నగా కనపడటానికి కంప్యూటర్ వాటి అంచుల వెంట బూడిద రంగు గళ్లు చేరుస్తుంది. దాన్ని వాళ్లు స్మూతింగ్ అనేవాళ్లు. కాగితం మీద అచ్చుకు అది బాగానే ఉంటుంది. మగ్గానికి మాత్రం సగం పోగు అనేది లేదు. బూడిద గడిని కూడా నిండు గడి కిందే లెక్కేసి, అక్షరాన్ని లావు చేసేస్తుంది. అందుకే కమలాక్షి తన కంప్యూటర్‌లో స్మూతింగ్ తీసేసి పనిచేసేది. ఆమె తెర మీద ప్రతి అక్షరమూ మెట్లుమెట్లుగా ఉండేది.

"ఏందమ్మా ఇది, అక్షరాలకు అమ్మోరు పోసినట్ల ఉండాది" అని కుళ్లాయప్ప నవ్వేవాడు. అంగడికి వచ్చినవాళ్లు చూసి మెచ్చుకోవాలని అతను స్మూతింగ్ పెట్టుకునేవాడు. చూపించడం అయ్యాక, మగ్గానికి ఎక్కించే చిల్లుల అట్టలు కొట్టడానికి పంపేముందు బూడిద గళ్లన్నీ చెరిపేవాడు.

"నీ కంటికి నున్నగుంటే సాలునా అన్నా, మగ్గానికి వద్దా?" అనేది ఆమె. తొమ్మిదేళ్లు ఈ వాదనతోనే పక్కపక్కన కూర్చున్నారు. ఆ అంగట్లో ఈ తేడా తెలిసినవాళ్లు వాళ్లిద్దరే.

పోయిన మాఘమాసంలో హిందూపురంలో ఉండే కమలాక్షి తల్లి కదిరమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కమలాక్షి నాలుగు రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చిన మూడో వారంలో పెనుకొండ నుంచి కౌసల్యమ్మ అనే ఆమె చీర చంకన పెట్టుకుని అంగట్లోకి వచ్చింది. కొంగు పరిచి చూపించింది.

"ఏమప్పా, నా బిడ్డ పేరు పార్వతి. ఈడ వార్వతి అని ఉండాది. ముహూర్తం ఇంకా పది దినాలే. పీటల మీద నా బిడ్డను అందరూ ఎగతాళి చేయల్లనా?"

నిజమే. ప మీద తెరుచుకుని ఉండాల్సిన నోరు పోగులతో పూడిపోయి వ అయింది. కమలాక్షి ఒక్క చూపులో కనిపెట్టింది. ఆ పేరు తను గీయలేదు. సెలవులో ఉన్నప్పుడు వచ్చిన పని అది. గళ్లు చెరపడం మర్చిపోయి పంపేశాడు కుళ్లాయప్ప.

అతనే చెప్తాడని ఎదురుచూసింది. ఎర్రిస్వామి "ఎవురు గీసినారు ఇది?" అని అడిగాడు.

"కమలాక్షి గీసిందన్నా" అన్నాడు కుళ్లాయప్ప, తల ఎత్తకుండా. "ఊరికి పోయే తొందరలో గీసిపెట్టి పోయింది. నేను అట్టలకు పంపినానంతే."

కమలాక్షి లేచి ఫైలు తెరిచి, అక్షరాన్ని పెద్దది చేసి చూపించింది. "సూడు సార్, చుట్టూ బూడిద గళ్లు ఉండాయి. నేనెప్పుడూ ఇట్ల గీయను. అన్నకు తెలుసు. అడుగు."

ఎర్రిస్వామి తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు. "నాకేం తేడా కనపళ్లేదమ్మా. ఏం కుళ్లాయప్పా, ఆయమ్మ చెప్పేది నిజమేనా?"

"ఏమోనన్నా. నాకూ అంత తేడా తెలీదు."

తన పేరు చెప్పినప్పుడు వచ్చిన కోపం కంటే ఈ మాటకు వచ్చిన నొప్పి ఎక్కువ. భయంతో ఒక అబద్ధం ఆడి ఉండవచ్చు. కానీ తొమ్మిదేళ్ల పాటు తనతో వాదించిన మనిషి, అసలు అక్కడ వాదించడానికేమీ లేదన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పేరును కొత్తగా గీసింది. ఒక్కో గడీ ఎంచి, ప నోరు రెండు పోగుల వెడల్పు తెరిచింది. మగ్గం వాళ్లు రేయింబవళ్లు నేసి కొత్త చీరను ముహూర్తానికి అందించారు. కౌసల్యమ్మ కొంగు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుని "ఇప్పుడు నా బిడ్డ పేరే" అంది. మర్నాటి నుంచి కమలాక్షి ఆ అంగడికి పోలేదు. హిందూపురంలో తల్లి దగ్గరే ఉంటూ, ఒక ఫ్లెక్సీ అంగట్లో పనికి కుదిరింది.

వైశాఖంలో కుళ్లాయప్ప, భార్య సుబ్బమ్మను వెంటబెట్టుకుని కొడుకు పెళ్లిపత్రిక ఇవ్వడానికి ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కమలాక్షి చాప పరిచి మజ్జిగ ఇచ్చింది.

"మా కమలాక్షికి పని నేర్పింది నేనే" అన్నాడు భార్యతో గర్వంగా.

"అవునక్కా, అన్నే నేర్పినాడు" అంది కమలాక్షి. "పార్వతి చీర సంగతి అక్కకు చెప్పినావా అన్నా?"

"ఏం చీర?" అంది సుబ్బమ్మ.

కుళ్లాయప్ప గ్లాసు కింద పెట్టాడు. "పదే, బస్సు పోతాది" అని లేచాడు. గడప దాటాక సుబ్బమ్మ మళ్లీ అదే అడగడం కమలాక్షికి వినపడింది. అతను బస్సు కోసం ముందు నడిచిపోయాడు.

ఆ పెళ్లికి ఆమె పోలేదు.