సారు బాగు చేయనివ్వని మాటలు

సారు పోయిన సంగతి మా ఆయన ఫోన్‌లో చెప్పారు. ఆయన ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తారు. వెనక యంత్రాల మోతలో మొదట నాకు సరిగా వినపడలేదు. "సారు పోయినారంట. తెల్లారుతానే, ఆసుపత్రిలో" అని రెండోసారి గట్టిగా అన్నారు. నేను "ఊ" అని పెట్టేశాను. చేతిలో బియ్యం చాట ఉంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ కూర్చున్నాను.

మీలో సారు దగ్గర చదువుకున్నవాళ్లు ఉండొచ్చు. ఆయన ఆదోని కాలేజీలో చరిత్ర చెప్పి, రిటైరయ్యాక ఎమ్మిగనూరులో మా వీధికి వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక మా వైపు పల్లెల్లో బతుకు ఎలా మారింది, కూలికి వలస పోవడం వల్ల ఇళ్లలో పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పండుగలు ఏమయ్యాయి అన్నది ఆయన పరిశోధన. దానికోసం నందవరం, దేవనకొండ వైపు ఊర్లకు ఆటోల్లో తిరిగి, ఆడవాళ్లు చెప్పింది చిన్న రికార్డరులో పట్టుకొచ్చేవారు. "స్వాతంత్ర్యం వచ్చిందని పుస్తకాల్లో ఉందమ్మా. అది మీ ఇంటి దాకా వచ్చిందా, వస్తే ఏ దారిన వచ్చింది? అది మీ అత్త లాంటోళ్లే చెప్పల్ల" అనేవారు.

చూపు మందగించాక, విని రాసిపెట్టే మనిషి కావలసి వచ్చింది. నన్ను పంపింది మా అత్తే.

"ఏడు దాకా సదివింది సారూ. నోరు లేదు గానీ రాత బాగుంటాది" అని చెప్పి నన్ను వాళ్ల వరండాలో వదిలేసి పోయింది. నేను తలెత్తలేదు.

"నోరు లేకుంటే ఇంకా మంచిది. ఇది వినే పని" అని సారు నవ్వారు.

మొదటి వారం రాసింది చదవమన్నారు. నేను చదువుతుంటే పక్కన రికార్డరు పెట్టుకుని విన్నారు. అందులో నందవరం అవ్వ ఒకామె "పొద్దున్నే సంగటి తిని సేన్లోకి పోతిమి" అంది. నేను "ఉదయమే అల్పాహారం స్వీకరించి పొలమునకు వెళ్లితిమి" అని రాశాను. సారు దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"ఆ కాలంలో నందవరంలో అల్పాహారం యాడ దొరికిందమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. పెద్ద చదువులవాళ్లు చదివి మా మాటలకు నవ్వుతారని భయపడ్డానని చెప్పాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే. సారు నవ్వడం ఆపేశారు.

"బాగు చేయొద్దమ్మా. ఆమె మాట బాగానే ఉంది" అన్నారు.

అప్పటి నుంచి వాళ్లు అన్నదే రాశాను. తిట్టు వస్తే తిట్టే రాశాను. మధ్యలో కోడి అరిస్తే అదీ రాయమనేవారు. ఎందుకు సార్ అంటే, "ఇంటి ముందర కూర్చొని చెప్పిందని తెలుస్తుంది గదా, ఆఫీసులో కాదని" అనేవారు. ఎంత తప్పు రాసినా ఊరుకునేవారు కానీ, పెన్నుకు మూత పెట్టకపోతే మాత్రం కోప్పడేవారు.

ఒక చోట నేను మళ్లీ తప్పు చేశాను, ఈసారి తెలిసే. అది మా అత్త మాట్లాడిన రికార్డింగు. ఒక కరువు ఏడాది గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతూ మా ఆయన్ను చిన్నప్పుడే బడి మాన్పించారు. మాన్పించింది మా మామ అని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. మామ పోయి చాలా ఏళ్లయినా మా ఆయన తన తండ్రి ఫోటోకు ఏనాడూ దండ వేయలేదు. రికార్డింగులో అత్త ఇలా అంది:

"ఆయప్ప వద్దనే అన్నాడు సారూ. నేనే సెయ్యి పట్టుకొని బస్సెక్కిస్తిని. ఇంగో రెండు సేతులుంటే ఇంగో సంచి నిండుతాదని."

నేను దాన్ని వదిలేశాను. కొడుక్కు తెలిస్తే ఆమెతో మాట్లాడతాడా అని భయం.

చదువుతుంటే సారు వేలెత్తారు. ఆ ముక్క మళ్లీ పెట్టారు. ఇద్దరం విన్నాం. కోప్పడలేదు.

"రాయమని చెప్పను, వదిలేయమనీ చెప్పను. ఈ మాట నీది కాదు, నాదీ కాదు. పోయి ఆమెనే అడుగు."

పెళ్లయిన నాలుగేళ్లలో అత్తను నాకై నేను ఏదీ అడిగి ఎరగను. ఆ మధ్యాహ్నం ఆమె శనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, రాయనా వద్దా అని అడిగాను. ఆమె చేయి ఆగలేదు.

"వాని ముందర నోరు రాకనే ఆ మిషనుకు సెప్పినా. సచ్చినోడి మీద ఏసి ఇన్నేండ్లు బతికినా. ఇంగ సాలు. రాయి. రాసి, వానికి నువ్వే సదివి సెప్పు."

"నేనా అత్తా?"

"యా నోటితో అడిగినావో, ఆ నోటితోనే!"

ఆదివారం సారు మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. నేను చదివాను. మా ఆయన గోడ వైపు చూస్తూ ఉండిపోయారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు ఎవరినీ ఏమీ అడగలేదు. మా ఆయనే అన్నారు.

"బస్సులో నన్ను కిటికీ కాడ కూసోబెడితివమ్మా. నాకు గ్యాపకం ఉంది."

మరుసటి రోజు మిల్లు నుంచి వస్తూ మూరెడు పూలు తెచ్చి, మామ ఫోటోకు తానే వేశారు. అత్త చూసీ చూడనట్టు పొయ్యి ముందు నుంచి లేవలేదు.

ఇలా రికార్డు చేసిన కుటుంబాల మాటలన్నీ పుస్తకంగా రావాలని సారు కోరిక. అది చూడకుండానే పోయారు. పదకొండో రోజు ఆయన కూతురు మిగిలిన రికార్డింగులు నా చేతికిచ్చి, "మా నాయన నీకే ఇమ్మన్యాడు" అంది. నిన్న వాటిలో మొదటిది పెట్టాను. దేవనకొండ వైపు ఒకామె, చనిపోయిన తన బిడ్డ గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయింది. సారు గొంతు లేదు. ఏ ప్రశ్నా లేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. నీళ్ల సీసా మూత తిప్పిన చప్పుడు. ఆమె గుటకలు. తర్వాత ఎంతసేపో గాలి మాత్రమే.

"కూసో సారూ, సెప్తా" అంది ఆమె చివరికి.

అక్కడ ఆపేశాను. అందులో మిగతాది ఇంకా వినలేదు. అక్కడ సారు ఇంకా సీసా పట్టుకుని, ఆమె ముందు నిలబడే ఉన్నారు.