జర అద్దాలియ్యుండ్రి!

ఎదుటివాడి ముక్కు మీద కళ్ళజోడు కనబడితే చాలు, కమ్మరి జంగయ్య చెయ్యి ఊరుకునేది కాదు. "జర అద్దాలియ్యుండ్రి" అనేవాడు. ఇచ్చేదాకా ఆగుతాడా అంటే అదీ లేదు. మాట పూర్తయ్యేలోపే ఆ జోడు ఆయన ముక్కు మీదికి వచ్చేసేది. తర్వాత తన బొటనవేలి గోరును మూరెడు దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి, రెండూ తెరిచి చూసి తీర్పు చెప్పేవాడు.

"ఇవి దూరం చూపువి. నాకు పనికిరావు."

లేదా, "సాబ్, మీ ఎడమ అద్దం వట్టి సీసా ముక్క. దుకాణపోడు మిమ్ములను ముంచిండు."

ఈ తీర్పులన్నిటికీ తల దించుకోవాల్సిన మనిషి లతీఫ్. జడ్చర్ల రైలు స్టేషను దారిలోని రేకుల షెడ్డులో సగం జంగయ్యది, సగం లతీఫ్‌ది. మోటారు ఇంజను మొరాయిస్తే లతీఫ్ చూస్తాడు. ఇనుము పగిలితే జంగయ్య వెల్డింగు నీలిమంటతో అతుకుతాడు. జంగయ్యకు అరవై దగ్గర పడుతున్నాయి. లతీఫ్ ఆయన కంటే పాతికేళ్ళు చిన్న. "కాకా" అని పిలుస్తాడు గనుక గిరాకీలందరూ కాకా చేసినవాటికి లతీఫ్‌నే నిలదీసేవారు.

ఒకసారి తాలూకా కచేరీ పేష్కారు గారు సైకిలు చట్రం అతికించుకోవడానికి వచ్చారు. జంగయ్య చట్రం వంక చూడనైనా చూడలేదు. పేష్కారు గారి అద్దాలు పెట్టుకుని గోరు చూసుకుంటూ నిలబడ్డాడు. అద్దాలు లేని పేష్కారు గారికి లోకమంతా పొగమంచు. అదే సమయంలో తడి ఆరడానికి మేకుకు వేలాడేసిన లతీఫ్ పండుగ షేర్వానీ గాలికి కదిలింది. తాలూక్‌దారు సాహెబే వచ్చారనుకుని పేష్కారు గారు దానికి మూడుసార్లు వంగి సలాం చేశారు. "హుజూర్, సైకిలు సొంతదే" అని సంజాయిషీ కూడా చెప్పుకున్నారు.

అదైనా నయం. లతీఫ్ తమ్ముడు ఖమర్ నిఖాలో జరిగింది మరీ ఘోరం. ఖాజీ సాహెబు పుస్తకం తెరిచి కలం ముంచారో లేదో, పక్కనే కూర్చున్న జంగయ్య చెయ్యి లేచింది. అద్దాలు పోయినా ఖాజీ సాహెబు పెద్దమనిషి కదా, రాత ఆపలేదు. పెళ్ళికొడుకు అని ఉన్నచోట ఖమర్ తండ్రి కరీం పేరు రాశారు. పెళ్ళికొడుకు తండ్రి అని ఉన్నచోట ఖమర్ అని రాశారు. చదివి వినిపించగానే పరదా వెనక నుంచి కరీం భార్య, లతీఫ్ తల్లి షరీఫున్నీసా గొంతు లేచింది.

"గీ వయసుల నాకు సవతి తెస్తున్నరా? ఎవడు రాసిండు గట్ల?"

డెబ్బై ఏళ్ళ కరీం నోట ఖర్జూరపండు అట్లాగే ఆగిపోయింది. జంగయ్య మాత్రం అద్దాలు తిరిగి ఇస్తూ, "మంచి అద్దాలే, గాని నా దూరానికి కుదురలే" అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో లతీఫ్ మొత్తుకున్నాడు. "కాకా, నీ కండ్లకు చూపు తగ్గింది. సరే. మందికి తెలువకుండ దాచుకో. పనివాళ్ళంతా గట్లనే చేస్తరు."

"దాస్తె కనపడతదా?"

"కనపడదు."

"మరెందుకు దాచుడు?"



జంగయ్య చేసే పనికి చూపే ప్రాణం. ముదురు ఆకుపచ్చ అద్దాల గంతలు కట్టుకుని, నీలిమంట కొనను పగులు మీద పెడితే ఇనుము కరిగి జొన్నగింజంత బొట్టు అవుతుంది. ఆ బొట్టును చెదరకుండా పగులు వెంట నడిపించుకుపోవాలి. ముప్పై ఏళ్ళు ఆ జొన్నగింజ జొన్నగింజలాగే కనబడింది. రెండేళ్ళుగా అది కందిగింజ అయింది, తర్వాత రేగుపండు అయింది, ఇప్పుడు పొద్దుగూకే సూర్యుడిలాగా అంచుల్లేకుండా కనబడుతోంది. చేతులు మాత్రం వణకలేదు. కనబడని అతుకును జంగయ్య నమ్మేవాడు కాదు. పని అయిపోయాక నాగలి కర్రునో, బండి ఇరుసునో నేల మీద పెట్టి, సమ్మెట ఎత్తి ఠంగుమని ఒక్కటేసేవాడు.

"అయ్యో, మంచిగనే ఉండె గదనే!" అని రైతు గుండెలు బాదుకునేవాడు.

"నాకు మంచిగ కనపడలే. మళ్ళ చేస్త, కూసో."

పట్నం కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే అక్కడా అంతే. డాక్టరు గోడమీది అక్షరాలు చూపించి, "ఏం కనబడుతున్నాయి?" అన్నాడు.

"నల్లగున్నయి."

"చదువు రాదా? మరి అద్దాలు దేనికి?"

"ఇనుము చూసేటందుకు."

"ఎంత దూరం నుంచి?"

జంగయ్య మూర చాచి చూపించాడు. డాక్టరు పుస్తకం చదివేవాళ్ళకిచ్చే అద్దాలే రాసిచ్చాడు. వాటితో కనబడాలంటే మంటకు జానెడు దగ్గరికి పోవాలి. పోయాడు. కుడి మీసం సగం కాలింది. ఆ రోజు నుంచి తన దూరానికి కుదిరే అద్దాలు తనే వెతుక్కోవాలని, అవి ఎవరో ఒకరి ముక్కు మీద ఉండే ఉంటాయని జంగయ్య గట్టిగా నిశ్చయించుకున్నాడు.

అవి జర్మనీ యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక పెద్ద ఇనుప పీపా, అందులో బొగ్గు నిప్పులు, ఆ నిప్పుల గ్యాసుతో ఇంజను. జడ్చర్ల నుంచి కల్వకుర్తికి అట్లాంటి బస్సు నడిపే బుచ్చయ్య సేటు ఒక గురువారం పొద్దున పీపాను బండిలో వేయించుకుని షెడ్డుకు వచ్చాడు. పీపా కుట్టు మూరెడు పొడవున పగిలింది. కారిన గ్యాసు పీల్చి వెనక సీటులో కూర్చున్న ఈదమ్మ అనే ముసలమ్మ స్పృహ తప్పి పడిపోయింది. గాలికి పడుకోబెడితే లేచింది.

"ఆమె భయానికి పడ్డది" అన్నాడు బుచ్చయ్య. "ఇంత మట్టి మెత్తు, చాలు. ఆదివారం సంతకు బస్సు ఎల్లాలె."

"మట్టి మెత్తేటందుకు కుమ్మరోళ్ళున్నరు సేటూ. నేను అతుకుత" అన్నాడు జంగయ్య.

మొదటి రోజు పగులు వెంట సుద్దముక్కతో తెల్లగీత గీసి, గీతను పట్టుకుని అతికాడు. అయ్యాక పరీక్ష. జంగయ్య తన కళ్ళను నమ్మడు గనుక పరీక్ష ముక్కుతో పెట్టాడు. పీపాలో నిప్పులు వేసి, వాటిమీద గుప్పెడు ఎండుమిరపకాయలు పోసి, మూత బిగించాడు.

"సేటూ, జర ముక్కు ఆడ పెట్టు."

బుచ్చయ్య పెట్టాడు. మరుక్షణం ఆయన తుమ్ము స్టేషనులో రైలుకు పచ్చజెండా ఊపుతున్న మనిషికి వినబడింది.

రెండోసారి పీపాను ఎండలోకి దొర్లించి, లతీఫ్ చేత అద్దం పట్టించి పగులు మీదికి వెలుగు కొట్టించాడు. ఆ వెలుగు సగం సేపు పగులు మీద, సగం సేపు బుచ్చయ్య కళ్ళలో పడింది. మిరపకాయలు వేస్తే ఈసారి లతీఫ్, బుచ్చయ్య ఇద్దరూ తుమ్మారు.

మూడోసారి గుండ్రటి సీసాలో నీళ్ళు పోసి ముఖం ముందు వేలాడదీసుకున్నాడు. దాని గుండా చూస్తే బొట్టు పెద్దగా కనబడుతోందని సంబరపడ్డాడు. మంట వేడికి సీసా పగిలి నీళ్ళన్నీ కింద పీపా పట్టుకుని కూర్చున్న లతీఫ్ నెత్తిన పడ్డాయి. ఆ పూట బజారంతా తుమ్మింది.

"నీతోని కాదు జంగయ్యా!" ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ బుచ్చయ్య అరిచాడు. "పీపాను పట్నం తీస్కపోత. జంగయ్య పని అయిపోయిందని ఊరూరు చెప్త."

"అతుకుడు రాక కాదు సేటూ, కనపడక. కనపడేటట్టు చేసుకుంట. ఆదివారం పొద్దుగాల ఎనిమిదింటిదాక ఆగు. అప్పటికి కాకుంటె నేనే బండికెక్కించి ఇస్త."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి లతీఫ్‌కు నవ్వు రాలేదు. పట్నం పోతే బుచ్చయ్య ఒక్కడే పోడు. వెనకే బస్సులన్నీ పోతాయి. శుక్రవారం మధ్యాహ్నం కాకాకు చెప్పకుండా అద్దాల వేటకు బయలుదేరాడు. కాని షెడ్డు మనిషి వస్తున్నాడని తెలియగానే జడ్చర్లలో కళ్ళజోళ్ళు జేబుల్లోకి, పెట్టెల్లోకి దూరాయి. పేష్కారు గారైతే తలుపే వేసుకున్నారు.

తిరిగొస్తూ మంత్రసాని ఉప్పలమ్మ ఇంటి ముందు నిలబడిపోయాడు. ఉప్పలమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యంలోని రాళ్ళు ఏరుతోంది. ముక్కు మీద కళ్ళజోడు! లతీఫ్‌ను చూడగానే దాన్ని కొంగు చాటుకు లాగేసింది.

"ఉప్పలవ్వా, గా అద్దాలు ఎక్కడివి?"

"ఏ అద్దాలు బిడ్డా?"

"కొంగుల ఉన్నయి."

ఉప్పలమ్మ నిట్టూర్చింది. "జంగయ్యనే ఇచ్చిండు, పోయిన శ్రావణంల. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. సంతల పాతసామాన్లోడి దగ్గర దొరికినయట. ఆయన బిడ్డకు పురుడు పోయనీకి పోతె, బొడ్డు కట్టే దారం నేను చేతులతోని తడుముకునుడు చూసిండు. మరునాడు పొద్దుగాల వచ్చి నా ముక్కుకు పెట్టిపోయిండు. మూరెడు దూరంల చీమ కాళ్ళు గూడ కనపడతయి బిడ్డా!"

మూరెడు దూరం! లతీఫ్‌కు ఆ శ్రావణం గుర్తొచ్చింది. అప్పుడు మూడు రోజులపాటు కాకా అతికిన ఏ ఒక్కటీ సమ్మెటతో పగలగొట్టలేదు. ముక్కు మీద పాత జోడు ఒకటి ఉండేది. నాలుగో రోజు అదేదని అడిగితే, "పోయినయి" అన్నాడు. ఆ తర్వాతే మళ్ళీ ఎదుటివాళ్ళ ముక్కుల మీద పడ్డాడు. తనకు కుదిరిన ఒక్క జోడునూ ఇచ్చేసి, నెలల తరబడి ఊరందరి తిట్లు తింటున్నాడన్నమాట.

లతీఫ్ పరుగున షెడ్డుకు వచ్చాడు. "కాకా! ఒక్క పూట అడిగి తెచ్చుకుందాం. అడిగితె అవ్వ ఇస్తది."

జంగయ్య గతుక్కుమన్నాడు. "ముసలిది చెప్పేసిందా? అందుకే నీకు చెప్పొద్దన్న. తెలిస్తె రోజు పోయి అడుగుతవని."

"ఒక్క పూటనే కాకా!"

"గా పూటల ఎవరికన్న నొప్పులొస్తె? నేను ఇనుము ఖరాబ్ చేస్తె మళ్ళ కరిగిస్త. ఆమె ఖరాబ్ చేస్తె ఏం కరిగిస్తది?"

లతీఫ్ పోయి ఆ మాట ఉప్పలమ్మకు చెప్పాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. శనివారం పొద్దున్నే తనే షెడ్డుకు వచ్చి, గోనెసంచి పరుచుకుని కూర్చుంది. "నేను ఈడనే ఉంట. పిలుపొస్తె అద్దాలు తీస్కొని పోత. రాకుంటె నీ పని నువ్వు చేసుకో. ఇగ మాట్లాడకు."

జంగయ్య అద్దాలు పెట్టుకున్నాడు. వాటిమీద గుడ్డ చుట్టి ఆకుపచ్చ గంతలు కట్టుకున్నాడు. మంట పెట్టగానే పెదవుల మీద నవ్వు పాకింది.

"ఏం కనపడ్డది కాకా?"

"జొన్నగింజ" అన్నాడు జంగయ్య మెల్లగా. "అంచుతోని సహా."

ఇక ఆయన చెయ్యి నడిచిన తీరు చూసి, పీపా కోసం వచ్చిన బుచ్చయ్య కూడా అక్కడే చతికిలబడ్డాడు. మూరెడు పగులులో జానెడు అతుకు పడింది. సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఎడ్లబండి ఆగింది. పక్క పల్లె నుంచి ఎల్లేశం అనే రైతు రొప్పుతూ దూకాడు. "అవ్వా, నా పెండ్లానికి నొప్పులు!"

జంగయ్య మంట ఆర్పి, గంతలు విప్పీ విప్పగానే ఉప్పలమ్మ ఆయన ముక్కు మీది జోడు లాగేసుకుని బండెక్కింది.

"సగంల ఆపుతవా!" బుచ్చయ్య నెత్తి పట్టుకున్నాడు. "రేపు సంత! గా పిల్లగాడికి జర ఆగుమని చెప్పరాదు?"

"నువ్వే పోయి చెప్పు సేటూ. ఇనుము ఆగుతది, పిల్లలు ఆగరు" అన్నాడు జంగయ్య.

పొద్దుగూకినా బండి రాలేదు. ఆదివారం ఏడు గంటలకు నిద్రలేని కళ్ళతో, వెలిగిపోతున్న ముఖంతో ఉప్పలమ్మ దిగింది. "ఆడపిల్ల. మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకున్నది. కనపడ్డది గనుక విప్పిన" అని జోడు తుడిచి జంగయ్య చేతిలో పెట్టింది. జంగయ్య ముక్కు గట్టిగా చీది, గంతలు కట్టుకుని మంట వెలిగించాడు.

ఎనిమిదికి పది నిమిషాలుండగా పని అయింది. పీపాలో నిప్పులు పడ్డాయి. ఈసారి రెండు గుప్పెళ్ళ మిరపకాయలు. బుచ్చయ్య, లతీఫ్, ఉప్పలమ్మ ముగ్గురూ కుట్టు వెంట ముక్కులు పెట్టి నిలబడ్డారు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి. ఎవరూ తుమ్మలేదు. జంగయ్య సమ్మెటను ముట్టుకోనే లేదు.

బస్సు సంతకు చేరింది. ఆ రోజు నుంచి షెడ్డుకు కొత్త పద్ధతి వచ్చింది. జడ్చర్ల చుట్టుపక్కల ఏ బస్సు పగిలినా, ఏ ఇరుసు విరిగినా, ముందు పోవాల్సింది జంగయ్య దగ్గరికి కాదు. వారం తిరక్కుండానే బుచ్చయ్య సేటు బస్సుది విరిగిన ఇనుప పట్టీ ఒకటి చంకన పెట్టుకుని, పూసలు లెక్కపెట్టే భక్తుడంత వినయంగా మంత్రసాని అరుగు ముందు నిలబడ్డాడు.

"ఉప్పలవ్వా, ఇయ్యాల నెలలు నిండినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఉప్పలమ్మ వేళ్ళ మీద లెక్కవేసింది.

"ఎల్లుండిదాక ఎవ్వరు లేరు. పా, నేను గూడ వస్త."

ఇద్దరూ షెడ్డు దారి పట్టారు. బుచ్చయ్య ముందు, గోనెసంచి భుజాన వేసుకుని ఉప్పలమ్మ వెనక.