బావ నోట ‘సాకు’

మా బావ మీద నాకున్న కసి అనపకాయల కాలంలో తీరింది. ఇన్నేళ్ళయినా ఆ భోజనం గుర్తొస్తే కడుపు చల్లబడుతుంది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. అక్క మొగుడు కృష్ణాతీరం నుంచి బెంగుళూరు ఆఫీసుకు కొత్తగా వచ్చిన గుమాస్తా. చిక్కపేటలో మా ఇంటికి దగ్గర్లోనే కాపురం పెట్టాడు. మనిషి తాగడు, కొట్టడు. అక్క నోరు తెరిస్తే మాత్రం దిద్దుతాడు. ఆమె ‘ఉండాది’ అంటే ‘ఉన్నది అనాలి’ అంటాడు. ‘వచ్చినాడు’ అంటే ‘వచ్చాడు’ అంటాడు. అదీ నలుగురిలో, నవ్వుతూ. అన్నిటికంటే అతను వేళాకోళం చేసింది ‘సాకు’ అన్న మాటని. మా బెంగుళూరు తెలుగువాళ్ళ ఇళ్ళలో వడ్డించేటప్పుడు చాలు అనడానికి కన్నడం వాళ్ళలాగే సాకు అంటాం. ఒకనాడు అమ్మ నెయ్యి వేస్తుంటే అక్క ఆ మాట అంది.

“సాకు అంటే నెపం. నెయ్యి వేస్తుంటే నెపమేమిటి? మీ ఇంట్లో ఎవరికీ తెలుగు నోరు తిరగదా?” అన్నాడు బావ. అమ్మ నేతి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా అక్క వీధి వీధంతటికీ కబుర్లు చెప్పిన మనిషి. ఆ తర్వాత తల ఊపడం నేర్చుకుంది. నేను వెళితే, బాగున్నావా అని అడగడానికి కూడా ముందు అతని మొహం చూసేది. ఇలాగే సాగితే ఆమెకు మాటే పోతుందని నాకు భయం వేసింది. అతని నాలుక మీద వాత పెట్టాలనిపించేది.

చలికాలంలో అనపకాయలు దిగగానే మా పేటలో ఒక భోజనశాల కిటకిటలాడేది. నానబెట్టిన గింజల్ని వేళ్ళతో పితికి, తొక్క తీసిన పప్పుతో పులుసు పెట్టేవాళ్ళు. దాన్నే పితికిపప్పు అంటాం. వాసన వీధి మొదట్లోనే తగిలేది. ఆడవాళ్ళు హోటలుకు పోవడం అరుదైన ఆ రోజుల్లో కూడా, ఆ కాలంలో మాత్రం కుటుంబాల కోసం ఒక పక్క తెర కట్టి ఆకులు వేసేవాళ్ళు. అక్కకు ఆ పప్పంటే ప్రాణం కాబట్టి ఇద్దర్నీ నేనే పిలిచాను. అప్పటికి నా మనసులో కసి తప్ప ఉపాయమేదీ లేదు.

బియ్యానికి కరువు, అందుకని ఆకులో ముందు పడేది రాగి సంగటి. ఆకులో ఏదీ వదలకూడదని గోడమీద బోర్డు ఉండేది. యజమాని చేతులు కడుక్కునే చోట నిలబడి, మిగిల్చినవాణ్ణి అందరి ముందూ కడిగేసేవాడు. బావ సంగటిని చూసి మొహం చిట్లించాడు. ఒక ముద్దతో బయటపడదామని దాన్ని నమలడం మొదలుపెట్టాడు. మింగాల్సిన సంగటిని నమిలితే పళ్ళకు పట్టుకుంటుంది. నేను చెప్పలేదు.

వడ్డించేవాడు ధారవాడ వైపు నుంచి కొత్తగా వచ్చాడు. తెలుగు ముక్క రాదు. రెండో ముద్ద తేగానే బావ “చాలు, చాలు” అన్నాడు. వాళ్ళ వైపు చాలూ అంటే కానివ్వు, నడవనీ అని. వాడు సంతోషంగా ముద్ద వేసి దాని మీద గరిటెడు పులుసు పోశాడు. బావ ఇంకా గట్టిగా చాలన్నాడు, ఇంకోటి పడింది. చెయ్యి అడ్డం పెడితే, మొహమాటమనుకుని పక్కనుంచి వేశాడు.

నాకు సంగతి అర్థమయింది. నేను నోరు విప్పితే వాడు ఆగేవాడు. తల వంచుకుని నా పప్పు తిన్నాను. అంత రుచైన పప్పు మళ్ళీ ఎక్కడా తినలేదు.

బావ నుదుట చెమట పట్టింది. లేద్దామంటే అక్కడ యజమాని. నా వైపు చూశాడు, నేను మంచినీళ్ళు తాగాను. చివరికి అక్క వైపు వంగాడు.

“వాణ్ణి ఆపమను. నీకు వాళ్ళ మాట వచ్చు కదా.”

అక్క చేతిలోని కబళం నోట్లో పెట్టుకుని, నిదానంగా మింగి, అప్పుడు చెప్పింది. “నాకు మాట్లాడేది యాడొస్తాది? మీరే చెప్తిరి గదా.”

ఎన్నాళ్ళకో విన్నాను ఆ గొంతు.

“ఏదో ఒకటి అనవే, నీకు పుణ్యముంటుంది.”

“ఉండాది ఒక మాట. నా నోట్లో అది తప్పంట. మీ నోట్లో ఎట్లుంటాదో చూస్తాం, అనండి.”

‘ఉండాది’ని ఆమె ఒత్తి పలికింది. అతను దిద్దలేదు. వడ్డించేవాడు మళ్ళీ వస్తున్నాడు. బావ “సాకు” అని గొణిగాడు. ఆ గోలలో వాడికి వినబడలేదు. “గట్టిగా,” అంది అక్క. బావ గొంతెత్తి సాకు, సాకు అని అరిచాడు. అవతల తింటున్నవాళ్ళు తెర తొలగించి తొంగిచూశారు. వాడు ముద్దను వెనక్కి తీసుకుపోయాడు.

ఆకులో ఉన్నదంతా అతను తిని లేచేదాకా మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. ఇంటికి పోయేటప్పుడు అక్క దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. పక్కింటివాళ్ళ గొడవలు, పాలవాడి దొంగబుద్ధి, అన్నీ మా మాటలోనే. బావ పొట్ట పట్టుకుని వెనకాల నడిచాడు.

నా పగ ఆ రోజుతో తీరింది. అక్కది తీరలేదు. ఆ ఇంట్లో ఆమె వడ్డించినన్నాళ్ళూ, బావ చాలు అంటే గరిటె ఆగేది కాదు. అన్నం మీద అన్నం పడుతుంటే అతను తలెత్తి ఆమె మొహం చూసేవాడు. మెల్లిగా సాకు అనేవాడు. అప్పుడు ఆపేది.