భూపాలన్న నీళ్ళు కలిపిన రోజు

చేవెళ్ల పాల కేంద్రంలో ఇరవై ఏళ్ళు భూపాలన్న కొలిచాడు, నేను రాశాను. లాక్టోమీటర్ గొట్టాన్ని పాలలో వదిలి, అది తేలిన చోట అంకె చదివేవాడు. ఇరవై ఎనిమిదంటే చిక్కటి పాలు. ఇరవై ఆరు కంటే తగ్గిందా, నీళ్ళు కలిసినట్టే. ఇక దేవుడొచ్చి చెప్పినా వినడు. "కలిపేటోనికి పుట్టగతులుండయ్" అనేవాడు. "జర చూడన్నా" అంటే నన్నే దొంగను చూసినట్టు చూసేవాడు. అంత మొండిఘటం!

అలాంటి మనిషిని ఒక గాజుతొట్టి వెర్రివాణ్ణి చేసింది.

గండిపేట కాలేజీలో చదివే ఆయన కూతురు భవిత ఇంట్లో ఆ తొట్టి నిండా ఉప్పునీళ్ళు పోసి చిన్న సముద్రం పెట్టింది. రెండు చారల చేపలు, వేళ్ళు చాచినట్టుండే ఒక పగడం. అది రాయి కాదట, ప్రాణమున్నదేనట! పరీక్షలకని హాస్టల్‌కు పోతూ, లాక్టోమీటర్ లాంటి గొట్టమే ఒకటి తండ్రి చేతిలో పెట్టింది. "కొలుచుడు నీకంటె ఎవరికొస్తది బాపూ? ఉప్పు ఇరవై అయిదు ఉండాలె. పెరగొద్దు, తగ్గొద్దు. ఇవి సచ్చిపోతె నేను తట్టుకోలేను" అని అప్పజెప్పింది.

మూడు వారాలకు భూపాలన్న నాకు ఫోన్ చేశాడు. పోయి చూస్తే పగడం ముడుచుకుపోయి ఉంది. చేపలు మూలకు చేరి రొప్పుతున్నాయి. గొట్టం ఇరవై తొమ్మిది చూపిస్తోంది.

"ఎండకు నీళ్ళు రోజూ ఇంత తగ్గుతున్నయ్ జయరాజూ. తగ్గినంత పోస్తున్న. ఉప్పు కలిపి, ఇరవై అయిదు కొలిచే పోస్తున్న. ఇరవై అయిదుల ఇరవై అయిదు పోస్తే ఇరవై తొమ్మిది ఎట్లయితది?"

నేను బుర్ర గోక్కున్నాను. భవిత ఇచ్చిపోయిన పరీక్ష సీసాల్లోంచి తొట్టి నీళ్ళలో చుక్కలు వేసి, మారిన రంగులు చూపించాడు. కాల్షియం పెరిగిందట, ఇంకేదో కూడా పెరిగిందట. "పాలల్ల అంకె పెరిగితే మంచిదే గద?" అని నన్నే అడుగుతాడు. నాకేం తెలుసు, నా బొంద! "పోనీ, ఉత్త నీళ్ళు పోద్దామా?" అన్నాను.

"కలుపుమంటవా? నన్ను?" అని కస్సుమన్నాడు. మరుక్షణమే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రమే భవిత వస్తోంది. నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

అంతలో ప్రమీలమ్మ భవిత కోసం సర్వపిండి రొట్టెలు పట్టుకుని వచ్చింది. ఆమెది కేంద్రం పక్కిల్లే. ఆరేళ్ళ కిందట ఆమె పాలు ఇరవై నాలుగు చూపాయని భూపాలన్న అందరి ముందూ పారబోశాడు. ఆ సిగ్గుతో ఆమె బర్రెను అమ్మేసింది. భవితంటే ప్రాణం కాబట్టి ఇంటికొస్తుంది గానీ, ఆయనతో మాటల్లేవు.

తొట్టిని చూసింది, మా మొహాలు చూసింది. సంగతి విని నన్నడిగింది: "పులుసు మరిగి దగ్గరవడ్డది. ఉప్పెక్కింది. ఏం పోస్తవ్? ఉప్పు నీళ్ళా?"

"ఉత్త నీళ్ళు."

"గీడ గూడ ఆవిరయ్యేది నీళ్ళే గద. ఉప్పు ఏడికి పోతది?"

భూపాలన్న వెంటనే భవితకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆ పిల్ల గొంతు మా ఇద్దరికీ వినిపించింది.

"అయ్యో బాపూ! తగ్గినకాడికి ఉత్త ఫిల్టర్ నీళ్ళే పొయ్యాలె. ఇప్పుడు కొంచెం తీసి, కొంచెం పొయ్యి. ఒక్కసారే వద్దు. బస్సు మొయినాబాద్ దాటింది, వస్తున్న. కొలిచేటప్పుడు గూడ జాగ్రత్త. వేడిగుంటె అంకె తక్కువ చూపిస్తది."

మాకా సంగతి ఇరవై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు.

భూపాలన్న తొట్టిలోంచి కొంచెం తీసేసి, చెంబుతో ఉత్త ఫిల్టర్ నీళ్ళు తెచ్చి, కొద్దిగా పోశాడు. ఉన్నట్టుండి ఆగి ప్రమీలమ్మ వైపు తిరిగాడు.

"అక్కా... ఆ దినం పాలు..."

"పిండంగనే తెచ్చిన. గోరువెచ్చగ ఉండె" అంది ప్రమీలమ్మ. "నేను కలుపలే తమ్మీ. అప్పుడే చెప్పిన."

ఆయన చెంబు కింద పెట్టి తల దించుకున్నాడు. ఆ ఇరవై నాలుగు రాసింది నేనే. నాకూ తలెత్తబుద్ధి కాలేదు.

ప్రమీలమ్మే చెంబు అందుకుని, నింపి, మళ్ళీ ఆయన చేతికిచ్చింది.

"పొయ్యి తమ్మీ. ఇవన్న బతకనియ్యి."