గంజి పెట్టిన షిఫాన్ చీర

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే పీలమేడులో మిల్లు పనివాళ్లుండే మా లైన్ ఇళ్లన్నీ గంజి వాసనే. బట్ట ఏదైనా సరే, గంజిలో మునగాల్సిందే!

అమ్మ మిల్లులో రీలింగ్ పనికి వెళ్లేది. రోజంతా నూలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు పగిలి, అరచేతులు గరుకుదేలాయి. మగ్గం ఎక్కే ముందు నూలుకు గంజి పెడతారు కదా... "గంజి పడితేనే దారానికి బలం" అనేది ఎప్పుడూ. మిల్లువాళ్లందరికీ అదే నమ్మకం.

మధురైలో ఉండే మామ, అంటే అమ్మ తమ్ముడు, తన పెళ్లికి కట్టుకోమని అమ్మకు లేత నీలం షిఫాన్ చీర పంపాడు. అబ్బ, ఎంత పలుచన! చీరంతా నా రెండు గుప్పిళ్లలో పట్టేది. అమ్మ విప్పబోతే చేతి పగుళ్లకు పోగు తగులుకుంది. చటుక్కున వదిలేసింది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా చెయ్యి తిప్పి, వెనకవైపుతోనే నిమిరేది.

"నువ్వు మడువు కన్నూ, నీ చెయ్యి మెత్తన. నాది తగిల్తే చినిగిపోతాది. పెండ్లినాడు ఒక్క దినమన్నా కట్టుకోవాల."

నాకప్పుడు పదేళ్లు. పెళ్లికి రెండు రోజుల ముందు, అమ్మ షిఫ్టుకు వెళ్లగానే, ఆ చీరను పొగలు కక్కే గంజిలో ముంచేశాను. గట్టిగా పిండి ఎండలో వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా!

ఎండాక చూస్తే... అప్పడంలా బిగుసుకుపోయింది. అతుక్కున్న మడతలు విదిలిస్తే అడ్డంగా చిరిగింది.

షిఫ్టు అయిపోయిందని మిల్లు సంగు, అదే సైరన్, మోగింది. అమ్మ వచ్చి చీర చూసింది. దెబ్బలు ఖాయమనుకున్నాను. ఆమె నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"వేడి గంజి కదా... కాల్లేదు కదా కన్నూ?"

"బలం వస్తే నీ చేతికి చినగదనే అమ్మా..." అంటూ ఏడ్చేశాను. అమ్మ కూడా ఏడ్చింది.

పెళ్లికి ఎప్పుడూ కట్టే నూలు చీరే కట్టుకుంది. మామ అడిగితే "నాకిదే సుకంరా తమ్ముడా" అంది. నా సంపాదనతో ఇంకొకటి కొనిద్దామనుకున్నాను... నాకు ఉద్యోగం రాకముందే వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ మిల్లూ లేదు, సంగూ లేదు. ఆర్.ఎస్. పురం బట్టల కొట్లో ఎవరైనా షిఫాన్ చీర పరిస్తే, నా అరచేతులు మెత్తనివే అయినా, చేతి వెనకవైపుతోనే నిమురుతాను.

మీ అమ్మ కూడా ఏదో ఒక రోజు కట్టుకుందామని దాచుకున్న చీర ఉందా? ఉంటే ఇవాళే కట్టుకోమనండి... కట్టుకుని ఎలా ఉందో నాకు చెప్పండి.